పట్టికాపాఠమునకు పదచ్ఛేదము: గ్రామనామావళులను గణాంకభాషలోనికి గ్రహించు పద్ధతి

గ్రామనామములను గూర్చి పరిశోధన సేయు అధ్యాపకుడొకడు పల్నాటి ఊళ్లలో "వరం" అను ఉత్తరపదముతో ముగియు పేర్లెన్నియో తెలియగోరి, తాను కూర్చుకొన్న నామావళిని కంప్యూటరునకు అందించెననుకొందము. యంత్రము వేమవరమును చూపినది; మాచవరమును చూపలేదు. నామావళిని తెరపై విప్పి చూడగా మాచవరము తన స్థానమునందు స్పష్టముగ కలదు. అక్షరదోషమేదియు లేదు. ఐనను లెక్కలో చేరలేదు. కారణమేమనగా, టైపు చేయునపుడు ఆ పేరు చివర, సున్న తరువాత, కంటికి కనబడని ఖాళీ స్థలమొకటి చేరినది. మానవనేత్రమునకు ఆ పేరు "వరం"తో ముగిసినది. యంత్రమునకు ఖాళీతో ముగిసినది.

దోషము అత్యల్పము. కాని దానిని గమనింపక వ్యాసము ముద్రించినచో, పల్నాట వరాంతనామములు తక్కువయను నిర్ణయమొకటి లోకమున వెలువడును. పిమ్మటి పరిశోధకులు దానినే ప్రమాణముగ ఉదాహరింతురు. మూలమున ఒక ఖాళీ స్థలము మాత్రమే కలదని ఎవ్వరికిని తెలియదు. పట్టికారూపమగు పాఠమును గణాంకభాషలోనికి గ్రహించు దశయందే సంభవించు ఇట్టి ప్రమాదములును, వాని నివారణోపాయములును ఈ వ్యాసమునకు విషయము. గ్రామనామావళులు, తాళపత్ర గ్రంథసూచికలు, శ్లోకానుక్రమణికలు, పదసూచికలు కూర్చు అధ్యాపకులును పరిశోధకులును దీనికి అధికారులు. కంప్యూటరు భాషలతో పూర్వపరిచయము ఆవశ్యకము కాదు.

పట్టికయు దాని పాఠమును

కాగితముపై గీచిన పట్టికలో నిలువు వరుసలను, అడ్డు వరుసలను కన్ను ఒక్కసారిగ గ్రహించును. కంప్యూటరు దస్త్రమునందు అట్టి గీతలుండవు. అచట నున్నది ఒక అక్షరము వెంట నొకటిగ సాగు ఏకసూత్రము మాత్రమే. ఆ సూత్రమునందు ఒక గడి ఎచట ముగిసి మరియొక గడి ఎచట మొదలగునో తెలుపుటకు ఏదో యొక చిహ్నము కావలెను. ఆ చిహ్నము కామా అయినచో ఆ దస్త్రమును సీఎస్వీ అందురు. ట్యాబు మీట నొక్కగా పడు వ్యవధి అయినచో దానిని టీఎస్వీ అందురు. పంక్తి ముగియుటయే అడ్డు వరుస ముగియుట. సాధారణముగ మొదటి పంక్తి శీర్షికలకు చెందును.

వేదాధ్యయనపరులకు ఈ విషయము నూతనము కాదు. సంహితాపాఠము అవిచ్ఛిన్నముగ సాగును. పదపాఠము దానిని పదములుగ విడదీయును. పదచ్ఛేదము తప్పినచో అన్వయము తప్పును, అన్వయము తప్పినచో అర్థము తప్పును. పట్టికాపాఠమును యంత్రము గ్రహించుటయు పదచ్ఛేదమే. ఇచట కామా యొక్క వ్యాపారము పాణినీయమునందలి అనుబంధమును పోలియున్నది. క్తప్రత్యయమునందలి కకారము గుణమును నిషేధించు తన కార్యమును నెరవేర్చి తాను లోపించును. కృతమను రూపమున అది కనబడదు. అట్లే కామా తన విభాజక కార్యమును నెరవేర్చి మరుగగును. గడిలోని విషయమున దానికి భాగము లేదు. విషయమునందే కామా యున్నచో ఏది అనుబంధము, ఏది ప్రకృతి అను సందేహము కలుగును. దీనికి సమాధానము ముందు చెప్పబడును.

గడుల పట్టికలతో పనిచేయు తొలి ప్రసిద్ధ కార్యక్రమము విసీకాల్క్ 1979లో వెలువడినది. కామాలతో విభజించిన దస్త్రములు అంతకు పూర్వమే వాడుకలో నుండెను. ఐనను వానికి సర్వసమ్మతమగు లక్షణము చిరకాలము లేకుండెను. 2005లో వెలువడిన 4180 సంఖ్యగల అంతర్జాల పత్రము ఆ లక్షణమును క్రోడీకరించినది. అదియును విధిరూపమున కాక సమాచారరూపమున మాత్రమే. కావున ఏ దస్త్రము ఏ సంప్రదాయమున వ్రాయబడినదో చదువువాడే నిశ్చయించుకొనవలెను.

ఆర్ భాష

గణాంకకార్యములకు నేడు లోకమున విరివిగ వాడబడు ఉచితసాధనములలో ఆర్ ఒకటి. దీనికి మాతృక జాన్ ఛాంబర్స్ మొదలగువారు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలందు 1976లో ఆరంభించిన ఎస్ అను భాష. న్యూజిలాండు దేశపు ఆక్లండ్ విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను నిరువురు ఆర్‌ను నిర్మించి 1993లో ప్రకటించిరి. 1995లో అది స్వేచ్ఛాసాధనముగ విడుదలయ్యెను. 2000 ఫిబ్రవరి 29న దాని 1.0.0 సంపుటి వెలువడినది. మూల్యమేదియు చెల్లింపక ఎవ్వరైనను దీనిని పొందవచ్చును. కళాశాల నిధులు స్వల్పముగనున్న చోట్ల ఇది చిన్న సౌకర్యము కాదు.

దస్త్రమును గ్రహించుటకు ఇందు రీడ్.టేబుల్, రీడ్.సీఎస్వీ, రీడ్.డెలిమ్ అను మూడు ఆజ్ఞలు ముఖ్యములు. యంత్రమునందు వీనిని చిన్న రోమను అక్షరములతో వ్రాయవలెను. ఇచట ఉచ్చారణము ననుసరించి తెలుగు లిపిలో చూపబడినవి. రీడ్.టేబుల్ సామాన్యవిధి. రీడ్.సీఎస్వీ కామాల దస్త్రమునకును, రీడ్.డెలిమ్ ట్యాబుల దస్త్రమునకును విశేషవిధులు. మూడింటికిని అంతరంగమున యంత్రాంగమొక్కటియే. భేదమంతయు, చదువువాడేమియు చెప్పనపుడు అవి తమంతట గ్రహించు నియమములందున్నది. రీడ్.టేబుల్ మొదటి పంక్తిని శీర్షికగ తలపదు. తక్కిన రెండును తలచును. రీడ్.టేబుల్ ఖాళీ స్థలములన్నిటిని విభాజకములుగ గ్రహించును. కావున తూర్పు గోదావరి అను ఒక్క పేరు దానిచేత రెండు గడులగును.

మాచవరపు ఉదాహరణము

మాచవరము నేడు పల్నాడు జిల్లాలో మండలకేంద్రము. నరసరావుపేట కేంద్రముగ పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినది. 2011 జనగణన నాటికి ఈ మండలము గుంటూరు జిల్లాలోనిది. ఇదే పేరుగల ఊరు అంబాజీపేట మండలమునను కలదు. అది నాడు తూర్పు గోదావరి జిల్లాలోనిది, నేడు కోనసీమలోనిది. విజయవాడ నగరమున మాచవరమను పేటయు కలదు. కావున పేరు మాత్రమే వ్యక్తిని నిర్ణయింపజాలదు. 2011 జనగణనలో గుంటూరు జిల్లాకు 548, తూర్పు గోదావరికి 545 సంకేతములు. వీనితో నొక చిన్న దస్త్రమును ఇట్లు కూర్పవచ్చును:

ఊరు,మండలం,జిల్లా,సంకేతం
మాచవరం,మాచవరం,గుంటూరు,548
పిన్నెల్లి,మాచవరం,గుంటూరు,548
మోర్జంపాడు,మాచవరం,గుంటూరు,548
మాచవరం,అంబాజీపేట,తూర్పు గోదావరి,545

దీనిని గ్రహించు ఆజ్ఞ ఇట్లుండును:

ఊళ్లు <- రీడ్.సీఎస్వీ("ఊళ్లు.సీఎస్వీ")

బాణపు గుర్తునకు ఎడమ నున్నది పట్టికకు ఇచ్చు పేరు. కుడి నున్నది దస్త్రమును చదువుమను ఆజ్ఞ. ఇంతమాత్రమున నాలుగు అడ్డు వరుసలు, నాలుగు నిలువు వరుసలు గల పట్టిక సిద్ధమగును. దస్త్రము నిర్దోషమైనచో పని ఇంతటితో ముగిసినది. కాని నిర్దోషమగు దస్త్రము అరుదు.

విభాజకము, ఉద్ధరణము

పై దస్త్రమునందు పిన్నెల్లి మండలమును "మాచవరం" అని కాక "మాచవరం, గురజాల నియోజకవర్గం" అని ఎవరో విపులముగ వ్రాసిరనుకొందము. ఆ పంక్తిలో ఇపుడు గడులు ఐదు, శీర్షికలు నాలుగే. ఆర్ మొదటి ఐదు పంక్తులను పరికించి నిలువు వరుసల సంఖ్యను నిర్ణయించును. గడులకంటె శీర్షికలు ఒకటి తక్కువైనచో, మొదటి నిలువు వరుస విషయము కాదనియు, అది అడ్డు వరుసల పేర్లనియు భావించును. అంతట శీర్షికలన్నియు ఒక్కొక్క గడి కుడికి జరుగును. "ఊరు" అను శీర్షిక క్రింద మండలములు చేరును, "మండలం" క్రింద జిల్లాలు చేరును.

అడ్డు వరుసల పేర్లు రెండుమారులు రాకూడదను నియమము కలదు. పై దస్త్రమున మాచవరము రెండుమారులున్నది. అందుచే యంత్రము ఆక్షేపణ తెలిపి నిలిచిపోవును. ఆక్షేపణ ఇచట ఉపకారమే. రెండవ మాచవరము లేనిచో యంత్రము మారు పలుకక తప్పు పట్టికను ఒసగును. దోషయుక్తమగు పంక్తి మొదటి ఐదింటిలో కాక ఎచటనో నూరవ పంక్తిలో నున్నచో ఫలము వేరు. నాలుగు గడులు నిండగా మిగిలిన ఐదవది క్రొత్త అడ్డు వరుసగ క్రిందికి దిగును. అపుడు 548 అను సంఖ్య ఒక ఊరి పేరై కూర్చుండును. ఇందును ఆక్షేపణ యుండదు.

నివారణోపాయములు రెండు. విషయమున కామాయున్న గడిని జంట ఉద్ధరణచిహ్నముల నడుమ నుంచుట మొదటిది. అపుడు లోపలి కామా విభాజకము కాక విషయమే యగును. ట్యాబును విభాజకముగ గ్రహించుట రెండవది. శ్లోకములు, వాక్యములు, చిరునామాలు గల దస్త్రములకు రెండవదే క్షేమకరము. ఏలయన వాక్యమున కామా సహజము, ట్యాబు అసహజము.

రోమను లిపిలో సంస్కృతమును వ్రాయువారికి మరియొక ప్రమాదము కలదు. అవగ్రహమును వారు ఒంటి ఉద్ధరణచిహ్నముతో సూచింతురు. రీడ్.టేబుల్ ఆ చిహ్నమును గడికి ఆరంభముగ భావించి, దానికి జత దొరకువరకు రాబోవు పంక్తులన్నిటిని ఒక్క గడిలోనికి చేర్చవచ్చును. దస్త్రమున మధ్యభాగమంతయు అదృశ్యమగుటకు ఒక్క అవగ్రహము చాలును. అదేవిధముగ అడ్డునిలువు గీతల హ్యాష్ గుర్తును అది వ్యాఖ్యానారంభముగ తలచి, ఆపై పంక్తిశేషమును విడిచివేయును. రీడ్.సీఎస్వీ, రీడ్.డెలిమ్ ఆజ్ఞలు జంట చిహ్నమును మాత్రమే ఉద్ధరణముగ గ్రహించును. హ్యాష్ గుర్తును సామాన్యాక్షరముగనే చదువును. కావున సాహిత్యపాఠములకు ఈ రెండింటిలో ఒకటి ప్రశస్తము.

అనువృత్తి, లోపము, శూన్యము

కాగితపు పట్టికలలో మండలము పేరు ఒక్కమారు వ్రాసి, ఆ మండలపు ఊళ్లన్నిటికి క్రింది గడులను ఖాళీగ విడుచుట ఆచారము. చదువరి పై పేరును క్రిందికి అనువర్తింపజేసికొనును. కాత్యాయనుని సర్వానుక్రమణి ఒక విధముగ మహాపట్టికయే. ప్రతి సూక్తమునకు ప్రతీకము, ఋక్సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు అందు చెప్పబడినవి. విశేషము చెప్పనిచోట దేవత ఇంద్రుడనియు, ఛందస్సు త్రిష్టుప్పనియు గ్రహింపవలెనని అందు పరిభాష కలదు. ఈ పరిభాషచే గ్రంథము సంక్షిప్తమైనది. కాని పరిభాష తెలియనివానికి ఆ ఖాళీ ఖాళీగనే యుండును.

యంత్రమునకు అనువృత్తి తెలియదు. ఖాళీ గడి దానికి ఖాళీయే. మండలము పేరు ఒక్క వరుసలో మాత్రమే వ్రాసినచో, మాచవరము మండలమున ఒక్క ఊరే కలదని అది లెక్కించును. కావున యంత్రమునకిచ్చు పట్టికలో ప్రతి అడ్డు వరుస స్వయంపూర్ణముగ నుండవలెను. పునరుక్తి ఇచట దోషము కాదు, గుణము.

తెలియని విషయమునకును శూన్యమునకును భేదమును పాటించుట మరియొక ముఖ్యవిషయము. అదర్శనమునే పాణిని లోపమనెను. లోపించినది లేనిదానితో సమానము కాదు. ఒక శాసనమున పంక్తులు శిథిలమై లెక్కింపరానిచో దాని సంఖ్య సున్న కాదు, అజ్ఞాతము. ఆర్ భాషలో అజ్ఞాతమునకు ఎన్ ఏ అను రెండు పెద్ద రోమను అక్షరములు సంకేతము. సంఖ్యల వరుసలో గడి ఖాళీయైనచో యంత్రము తనంతట ఎన్ ఏ అని గ్రహించును. అక్షరముల వరుసలో ఖాళీ గడి ఖాళీ పదముగనే మిగులును. అజ్ఞాతమునకు బదులు గీతనో, ప్రశ్నార్థకమునో వ్రాసియున్నచో ఎన్ఏ.స్ట్రింగ్స్ అను ఉపాధిచే ఆ సంగతిని ముందే తెలుపవలెను; లేనిచో ఆ గీతవలన సంఖ్యల వరుస యావత్తు అక్షరముల వరుసగ మారును. విపర్యయమును కలదు. నాగానందమునకు ఆ రెండు రోమను అక్షరములనే సంకేతముగ పెట్టుకొన్న పదసూచికలో ఆ గ్రంథము అజ్ఞాతమైపోవును.

సంఖ్యయా, సంజ్ఞయా?

అంకెలతో వ్రాసినదంతయు సంఖ్య కాదు. 548 అనునది గుంటూరు జిల్లాకు సంజ్ఞ. దానిని కూడుట, హెచ్చించుట అర్థశూన్యములు. ఐనను ఆర్ ఒక నిలువు వరుసలో అన్నియు అంకెలే యున్నచో దానిని సంఖ్యావాచకముగ నిర్ణయించును. జనగణన పట్టికలలో జిల్లా మొత్తమును తెలుపు వరుసకు ఉపమండల సంకేతము ఐదు సున్నలు. యంత్రము దానిని ఒక్క సున్నగ కుదించును. సున్నతో ఆరంభమగు సంకేతములన్నియు ఆద్యక్షరమును కోల్పోవును. పిమ్మట రెండు పట్టికలను సంకేతముచే కలుపబోగా కలియవు.

సూక్తసంఖ్యలందు ఇది మరింత ప్రమాదకరము. ప్రథమమండలమున మొదటి సూక్తమును 1.1 అనియు, పదవదానిని 1.10 అనియు, నూరవదానిని 1.100 అనియు వ్రాయుట వాడుక. వీనిని దశాంశములుగ భావించినచో మూడును ఒకే సంఖ్య. యంత్రము మూడు సూక్తములను ఒక్కటిగ చేయును. పర్యవసానమేమనగా, ఋక్సంఖ్యలు, ఛందోగణనలు అన్నియు తారుమారగును.

దీనికి ఔషధము కోల్‌క్లాసెస్ అను ఉపాధి. ఏ వరుస సంఖ్యయో, ఏది అక్షరపాఠమో అది ముందుగనే శాసించును. ఇట్లు:

ఊళ్లు <- రీడ్.సీఎస్వీ("ఊళ్లు.సీఎస్వీ", కోల్‌క్లాసెస్ = "క్యారెక్టర్")

ఈ ఆజ్ఞచే అన్ని వరుసలును అక్షరపాఠములుగనే గ్రహింపబడును. నిజముగ సంఖ్యలైనవానిని పిమ్మట వేరుగ మార్చుకొనవచ్చును. ఆదిలో అన్నిటిని యథాపాఠముగ గ్రహించుటయే సంశయరహితమగు మార్గము. భాషను సూచించుటకు తెలుగునకు పెద్ద టీ అక్షరమును వ్రాయువారును దీనిని పాటింపవలెను. ఏలయన ఒక వరుసలో అన్నియు టీలే యున్నచో ఆర్ దానిని సత్యమను తార్కిక విలువగ మార్చును.

భారతీయ పద్ధతిలో కామాలతో వ్రాసిన 1,25,000 వంటి సంఖ్యలు మరియొక చిక్కు. ఉద్ధరణచిహ్నములు లేనిచో ఒక్క సంఖ్య మూడు గడులగును, ఉన్నచో అక్షరపాఠమగును. కామాలను తొలగించిన పిదపనే దానిని సంఖ్యగ మార్చవలెను. ప్రాచీన ముద్రణలనుండి ఎత్తి వ్రాసిన తెలుగు అంకెలనును ఆర్ సంఖ్యలుగ గుర్తింపదు. ౧౨ అను రూపమును సంఖ్యగ మార్చుమన్నచో హెచ్చరికతో ఎన్ ఏ అనును. ఛార్‌టీఆర్ అను ఆజ్ఞచే పది తెలుగు అంకెలకు పది అంతర్జాతీయ అంకెలను ఆదేశము సేసి, పిమ్మట మార్చుకొనవలెను.

కొన్ని దోషములు ఆర్ వరకు రాకమునుపే, గడుల పట్టిక కార్యక్రమమునందే సంభవించును. 2-11 అని అధ్యాయశ్లోకసంఖ్యను ఎక్సెల్‌లో వ్రాసినచో అది తేదీగ మారును. భూమి సర్వే సంఖ్యల ఉపవిభాగములకును ఇదే గతి. జన్యుశాస్త్రజ్ఞులకు ఈ బాధ ఎంత దుర్భరమైనదనగా, సెప్టెంబరు, మార్చి మాసములను తలపించు జన్యువుల పేర్లనే వారి నామకరణసంఘము 2020 నాటికి మార్చివేసినది. అదే సంవత్సరము ఇంగ్లండు దేశమున, పాత ఎక్సెల్ దస్త్రరూపము 65,536 అడ్డు వరుసలకు మించి గ్రహింపలేకపోవుటచే, 15,841 కోవిడ్ వ్యాధినిర్ధారణలు సకాలమున లెక్కకు రాలేదు. పట్టికాదోషము పండితుల వ్యాసములకు మాత్రమే పరిమితము కాదు.

తెలుగు లిపి సంబంధమగు చిక్కులు

మాచవరం అను పదమున అక్షరములు నాలుగు: మా, చ, వ, రం. యూనికోడు లెక్కలో అవి ఆరు. మకారము, దీర్ఘము, చకారము, వకారము, రేఫము, సున్న. యూటీఎఫ్-8 అను నిక్షేపపద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లు, మొత్తము 18. కావున "ఈ పేరు పొడవెంత" అను ప్రశ్నకు ఆర్ ఆరు అనియు, బైట్లలో అడిగినచో 18 అనియు చెప్పును. నాలుగు అని చెప్పదు. ఛందస్సును గణించువారు ఈ భేదమును విస్మరింపరాదు.

నిక్షేపపద్ధతిని యంత్రము పొరబడినచో ఆ 18 బైట్లు 18 వింత గుర్తులుగ కనబడును. శిరస్సుపై గీతగల లాటిను అకారమును, దాని ప్రక్క డిగ్రీ గుర్తు వంటి చిన్న సున్నయు మరల మరల వచ్చుచున్నచో, అది తెలుగు యూటీఎఫ్-8 పాఠమును అన్యపద్ధతిలో చదివిన లక్షణము. పాఠము నశింపలేదు, ఫైల్‌ఎన్‌కోడింగ్ అను ఉపాధియందు సరియగు పద్ధతిని తెలిపి మరల చదివించిన చాలును. విండోస్ యంత్రములందు ఆర్ తనంతట యూటీఎఫ్-8ను గ్రహించుట 2022లో వెలువడిన 4.2.0 సంపుటితో మొదలైనది. పాత సంపుటులు వాడువారికి ఈ చిక్కు అధికము. తెలుగు అక్షరముల స్థానమున ప్రశ్నార్థకములే యున్నచో మాత్రము పాఠము నిజముగ నశించినది. ఎక్సెల్‌లో సామాన్య సీఎస్వీగ భద్రపరచినపుడు ఇట్లగును. సీఎస్వీ యూటీఎఫ్-8 అను రూపమునే ఎన్నుకొనవలెను. ఆ రూపమున దస్త్రారంభమున చేరు అదృశ్యచిహ్నము మొదటి శీర్షికను వికృతము సేసినచో, ఫైల్‌ఎన్‌కోడింగ్ = "యూటీఎఫ్-8-బీఓఎం" అని తెలుపవలెను.

ఇక ఆరంభమున చెప్పిన ఖాళీ స్థలము. స్ట్రిప్.వైట్ = ట్రూ అను ఉపాధి గడుల ఆద్యంతములందలి ఖాళీలను తొలగించును; కాని ఉద్ధరణచిహ్నముల నడుమ నున్న గడులను అది ముట్టదు. వానికి ట్రిమ్‌డబ్ల్యూఎస్ అను ఆజ్ఞను పిమ్మట వాడవలెను. ఖాళీకంటెను సూక్ష్మమైనది మరియొకటి కలదు. నాగార్జునసాగర్ వంటి పొల్లుతో ముగియు పేర్ల తరువాత, పొల్లు విడిగ నిలుచుటకై, శూన్యవిస్తారముగల ఒక అదృశ్యచిహ్నమును కొన్ని కీలుపలకలు చేర్చును. చూపునకు రెండు రూపములును ఒక్కటే. యంత్రమునకు రెండు వేరు ఊళ్లు. దీనిని ట్రిమ్‌డబ్ల్యూఎస్ తొలగింపదు. జీసబ్ అను ఆజ్ఞచే ప్రత్యేకముగ తొలగింపవలెను. ఐత్వమును ఒక చిహ్నముగను, రెండు చిహ్నముల కూడికగను నిక్షేపించుటయు యూనికోడున సమ్మతమే. స్ట్రింగీ అను అనుబంధసంపుటి వీనిని ఏకరూపమునకు తెచ్చును. మాచవరము, మాచవరం అను రెండు వ్రాతలలో ఏదో యొకదానిని పరిశోధకుడే నియమముగ గ్రహింపవలెను; ఆ నిర్ణయము యంత్రసాధ్యము కాదు.

గ్రహించిన పాఠమునకు పరీక్ష

దస్త్రము లోనికి వచ్చినంతనే లెక్కలకు పూనుకొనరాదు. వచ్చినది సరియైనదో కాదో పరీక్షింపవలెను. పరీక్షలు ఐదు.

మొదటిది, కౌంట్.ఫీల్డ్స్. ఇది ప్రతి పంక్తిలో గడులెన్నియో గ్రహణమునకు పూర్వమే చెప్పును. అన్ని పంక్తులకు ఒకే సంఖ్య రావలెను. రెండవది, డిమ్. ఇది అడ్డు నిలువు వరుసల సంఖ్యను తెలుపును. మూడవది, ఎస్‌టీఆర్. ప్రతి నిలువు వరుస సంఖ్యయో, అక్షరపాఠమో, తార్కికమో ఇది చూపును. 2020లో వెలువడిన 4.0.0 సంపుటికి పూర్వము అక్షరపాఠములు తమంతట వర్గములుగ మారుచుండెను. పాత పుస్తకములను చూచి నేర్చువారు ఈ మార్పును గమనింపవలెను. నాలుగవది, హెడ్, టెయిల్. ఆద్యంతములందలి కొన్ని వరుసలను కన్నులార చూచుట. ఐదవది, టేబుల్. ఒక వరుసలోని ప్రతి పదము ఎన్నిమారులు వచ్చినదో ఇది చెప్పును. మాచవరము రెండు వేరు పంక్తులుగ, రెండు వేరు సంఖ్యలతో కనబడినచో, అందొకదానికి ఖాళీయో, అదృశ్యచిహ్నమో అంటియున్నదని గ్రహింపవలెను.

వీనికి తోడుగ, బయటనుండి తెలిసిన లెక్కయొకటి చేతనుండుట శ్రేయస్కరము. ఋగ్వేదమున వాలఖిల్యములతో కూడ సూక్తములు 1,028. మొదటి మండలమునకును, పదవ మండలమునకును 191 చొప్పున. సూక్తసూచిక 1,027 వరుసలతో వచ్చినచో ఎచటనో ఒకటి జారినదని తత్క్షణమే తెలియును. మన పూర్వులు పదములను, ఋక్కులను లెక్కించి అనుక్రమణులందు భద్రపరచుట ఇట్టి రక్షణకే. జనగణన పట్టికలందు జిల్లా మొత్తము, గ్రామీణము, పట్టణము అను వరుసలు ఊళ్ల వరుసలతో కలిసియుండును. వానిని వేరు సేయక కూడినచో ఒకే జనము పలుమారులు లెక్కకు వచ్చును. వేరు చేసి కూడిన పిదప, మొత్తము అచ్చుపడిన మొత్తముతో సరిపోవలెను.

దోషము కనబడినపుడు మూలదస్త్రమును చేతితో దిద్దుట తగదు. తాళపత్రముపై గీచివైచి దిద్దినవాడు పరిష్కర్త కాడు. మూలమును యథాతథముగ నుంచి, సవరణలన్నిటిని ఆజ్ఞలుగ వేరొక దస్త్రమున క్రమముగ వ్రాసికొనవలెను. అపుడు ఏ ఊరి పేరు ఎట్లుండెను, ఎట్లు మార్పబడినది, ఎందుకు మార్పబడినది అను ప్రశ్నలకు ఆ ఆజ్ఞావళియే పాఠాంతరపట్టికగ నిలుచును. మరియొక పరిశోధకుడు అదే మూలముపై అవే ఆజ్ఞలను నడిపి, అదే ఫలమును పొందజాలును; పొందనిచో తప్పును చూపజాలును.

ఉపసంహారము

పై విచారమున తేలినదేమనగా, దస్త్రమును గ్రహించు ఆజ్ఞ ఒక్క పంక్తియే. దాని వెనుక నున్న నియమములు అనేకములు. యంత్రము అడుగనిదే అనుమానమును వెల్లడింపదు. తప్పుగ విడదీసినను, ఒప్పుగ విడదీసినను తరచుగ అదే నిశ్చయముతో పట్టికను ఒసగును. అందుచే ఆక్షేపణ రాకపోవుట శుద్ధికి ప్రమాణము కాదు. విభాజకమేదో, ఉద్ధరణమేదో, అజ్ఞాతమునకు సంకేతమేదో, ఏది సంఖ్యయో, ఏది సంజ్ఞయో, లిపి ఏ పద్ధతిలో నిక్షేపింపబడినదో ముందుగ శాసించుట, గ్రహించిన పిదప లెక్కించి సరిచూచుట పండితుని విధి.

స్ట్రిప్.వైట్ అను ఒక్క ఉపాధిని చేర్చి నామావళిని మరల చదివించినచో, వరాంతనామములలో వేమవరము ప్రక్కన మాచవరమును చేరును. ఊరు ఎచటికిని పోలేదు. పాఠమును చదివిన విధానమే తప్పినది. పల్నాటి నామములపై నిర్ణయము చేయదలచినవారు ఆ నిర్ణయమునకు పూర్వము ఈ పరీక్షను జరుపుట ఆవశ్యకము.